32 జీబీ ర్యామ్, రెండున్నరేళ్ల వాడకం: 3600 అని కొని 3200 దగ్గర ఆగిన వైనం

నేను 2022 డిసెంబరులో 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, 2023 నవంబరులో అదే సంస్థవి, అదే మోడల్‌వి మరో రెండు కొన్నాను. ప్యాకెట్ మీద వేగం 3600 (సెకనుకు ఇన్ని మిలియన్ల బదిలీలు), లేటెన్సీ (అడిగిన డేటా వచ్చేలోపు గడిచే సైకిళ్లు) 18, వోల్టేజీ 1.35 అని ఉంది. ప్రాసెసర్ రైజెన్ 5 5600, బోర్డు బీ550 రకం. కంప్యూటర్ ఉండేది కర్నూలులో మా ఇంటి మిద్దె మీది గదిలో. ఈ చివరి సంగతికి ఈ సమీక్షలో ఎందుకింత ప్రాధాన్యమో కిందికి వెళ్లే కొద్దీ తెలుస్తుంది.

మొదటి జత ఏడాది పాటు ఏ ఇబ్బందీ పెట్టలేదు. బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఎక్స్ఎంపీ (తయారీదారు స్టిక్కులోనే రాసిపెట్టిన వేగం లెక్కలు) ఆన్ చేసి 3600 వద్దే నడిపాను. రెండో జత చేర్చాక కూడా చలికాలమంతా బాగానే గడిచింది. మార్చి చివర్లో ఆటలు మూసుకుపోవడం మొదలైంది. గంటసేపు సాఫీగా నడిచిన ఆట ఏ హెచ్చరికా లేకుండా డెస్క్‌టాప్‌కు వచ్చేసేది. విండోస్ తప్పులను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో ఒకరోజు 0xc0000005 అనే మెమరీ తప్పు కనిపిస్తే, మరోరోజు నీలి తెర మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని వచ్చేది. కొత్త అప్‌డేట్‌దే తప్పని ఆటను తిట్టుకుంటూ మూడు వారాలు పోగొట్టుకున్నాను. కంప్యూటర్‌ను దుకాణానికి తీసుకెళ్తే, ‘విండోస్ కొత్తగా కొట్టేద్దామన్నా, అంతా సెట్ అయితాది’ అన్నారు. కొట్టించాను, సెట్ కాలేదు.

ఈ గందరగోళానికి నా వంతు సాయం నేనూ చేశాను. 32 జీబీ ఉన్నప్పుడు పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కులో వాడుకునే చోటు) అవసరం లేదని ఎవరో చెప్పగా విని దాన్ని పూర్తిగా తీసేశాను. పెద్ద ఆటలు నిజంగా వాడుకునే దానికంటే చాలా ఎక్కువ మెమరీని ముందే రాసిపెట్టుకుంటాయి. పేజ్ ఫైల్ లేకపోతే, ర్యామ్‌లో ఖాళీ కనిపిస్తున్నా ఆ కేటాయింపు దొరక్క ఆట కూలిపోవచ్చు. అలాంటప్పుడు విండోస్ 2004 అనే ఈవెంట్ నంబరుతో వర్చువల్ మెమరీ (ర్యామ్, పేజ్ ఫైల్ కలిపి) తక్కువైందని నమోదు చేస్తుంది. పేజ్ ఫైల్‌ను మళ్లీ విండోస్ నిర్వహణకే వదిలేశాక ఆ నమోదులు ఆగిపోయాయి. ఆట మూసుకుపోవడం మాత్రం తగ్గిందే గానీ ఆగలేదు. అంటే నా దగ్గర ఒకదాని వెనుక ఒకటి దాక్కున్న రెండు జబ్బులు ఉన్నాయన్నమాట.

అసలు ఆధారం ఒక ఆటను ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు దొరికింది. అరవై జీబీల ఫైళ్లను విప్పుతుండగా ఒక ఫైలు చెడిపోయిందని ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే ఆ ఫైలు దాటి మరో చోట ఆగింది, మూడోసారి ఇంకో చోట. డిస్కులో ఉన్న ఫైలే చెడిపోయి ఉంటే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి. ఆగే చోటు మారుతూ ఉందంటే మొదట అనుమానించవలసింది ర్యామ్‌నే.

ఆ రాత్రే పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి నడిపాను. ఉచిత కూర్పులో దొరికే నాలుగు పాస్‌లూ (పూర్తి విడతలు) తెల్లవారేసరికి ఒక్క తప్పు లేకుండా ముగిశాయి. ఇక్కడే చాలామంది ర్యామ్ నిర్దోషి అని తేల్చేస్తారు, నేనూ తేల్చేశాను. కానీ ఆ పరీక్షలో గ్రాఫిక్స్ కార్డుకు పని ఉండదు కాబట్టి క్యాబినెట్ లోపల చల్లగానే ఉంటుంది. ఆట ఆడేటప్పుడు ఆ కార్డు చిమ్మే వేడంతా పైనున్న ర్యామ్ స్టిక్కుల మీదికే పోతుంది. పైగా ఏప్రిల్‌లో ఎండ నలభై డిగ్రీలు దాటే ఊరు మాది, పగలంతా కాగిన కప్పు రాత్రి పదింటి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. మరుసటి మధ్యాహ్నం రెండింటికి గంటసేపు ఆట ఆడి, వెంటనే రీస్టార్ట్ చేసి అదే పరీక్ష నడిపితే మొదటి పాస్‌లోనే మూడు తప్పులు వచ్చాయి.

ర్యామ్‌లోని ప్రతి కణం అతి కొద్దిపాటి విద్యుదావేశాన్ని దాచుకుంటుంది, అది నిరంతరం కారిపోతూ ఉంటుంది. డీడీఆర్4 ప్రమాణం ప్రకారం ప్రతి కణాన్నీ 64 మిల్లీసెకన్ల లోపు తిరిగి నింపాలి, 85 డిగ్రీలు దాటితే ఆ గడువు సగానికి తగ్గుతుంది. నా స్టిక్కులు అంత వేడెక్కాయని నేను అనను, వాటిలో ఉష్ణోగ్రత చెప్పే సెన్సరే లేదు. అయితే ప్రమాణ వేగాన్ని మించి నడిపేటప్పుడు ఉండే వెసులుబాటే కొంచెం, దాన్ని వేడి మరింత కుదిస్తుంది.

ఆ తర్వాత జతలను విడదీసి చూశాను. మొదటి జత ఒక్కటే ఉన్నప్పుడు మండుటెండలోనూ 3600 వద్ద నిలిచింది, రెండో జత కూడా అంతే. నాలుగూ కలిస్తేనే తప్పులు. కంప్యూటర్ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ (స్టిక్కు తన గురించి దాచుకునే సమాచారం) పేజీ తెరిచి ఒక్కో స్లాటును చూస్తే విషయం అర్థమైంది: పైన స్టిక్కరు ఒకటే అయినా, లోపలి చిప్పులు రెండు జతల్లో వేర్వేరు తయారీదారులవి. ఎక్స్ఎంపీలో రాసి ఉండే లెక్క ఆ ప్యాకెట్‌లో వచ్చిన జతకే వర్తిస్తుంది, పక్కన మరో జత చేరితే ఆ హామీ నిలవదు. ప్రాసెసర్ వైపు నుంచి చూసినా, ఏఎమ్‌డీ 5600కు అధికారికంగా చెప్పిన గరిష్ఠ మెమరీ వేగం 3200 మాత్రమే, అదీ రెండు స్టిక్కులతో. కాబట్టి ర్యామ్ చెడ్డదని నేను రాయలేను. చెడ్డది నేను చేసిన కలయిక.

2024 జూన్ నుంచి నాలుగు స్టిక్కులనూ 3200 వద్ద, లేటెన్సీ 16కు మార్చి, 1.35 వోల్టులతోనే నడుపుతున్నాను. వేగం తగ్గినా లేటెన్సీలో నష్టం లేదు. సైకిళ్లు ఈ వేగంలో సగమే కాబట్టి, 3600 వద్ద 18 సైకిళ్లంటే 10 నానోసెకన్లు, 3200 వద్ద 16 సైకిళ్లన్నా 10 నానోసెకన్లే. నేను ఎక్కువగా ఆడే ఆటలో సెకనుకు సగటు ఫ్రేములు 96 నుంచి 93కు దిగాయి. ఈ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నాలు కూడా ఆడాను, ఒక్కసారీ ఆట మూసుకుపోలేదు.

కొత్తగా కొనేవారు 32 జీబీ కావాలనుకుంటే 16 జీబీల రెండు స్టిక్కులు ఒకే ప్యాకెట్‌లో వచ్చే జతను తీసుకోండి. నాలాగా వాయిదాల్లో కొనడం వల్ల మిగిలే డబ్బు ఏమంత లేదు. ర్యామ్‌కు నేను ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఒకే మోడల్ పేరు కింద చిప్పులు మార్చి అమ్మినందుకు.

మొన్న జూన్‌లో బోర్డు మీద బయోస్ సెట్టింగులను నిలిపే బటన్ సెల్ అయిపోయి బయోస్ తన ఫ్యాక్టరీ లెక్కలకు వెళ్లిపోయింది. రోజూ రాత్రి స్విచ్చు గోడ దగ్గరే ఆపేసే అలవాటు నాది, అందుకే సెల్ తొందరగా అరిగిపోయి ఉంటుంది. ర్యామ్ 2666కు పడిపోయిన సంగతి పదకొండు రోజుల తర్వాత టాస్క్ మేనేజర్‌లో మరేదో వెతుకుతుంటే కంటపడింది. ఆ పదకొండు రోజులూ నేను ఆడుతూనే ఉన్నాను.