ఆరు రోజులా, కోట్ల ఏళ్లా? బైపీసీ పిల్లలకు ఏది నేర్పాలి

నల్గొండ, దేవరకొండ వైపు సండేస్కూల్లో బైపీసీ పిల్లలు అడిగేది ఇదే: ఆదికాండం చెప్పే ఆరు రోజుల సృష్టా, పరిణామమా? విశ్వాసుల్లోనే రెండు దారులున్నాయి.

ఆధారం: అక్షరార్థం పట్టేవారికి భూమి వయసు పదివేల ఏళ్లలోపే. 17వ శతాబ్దపు ఆర్చ్‌బిషప్ అషర్ లెక్కలో సృష్టి క్రీ.పూ. 4004. రెండోవారు దేవుడు పరిణామం ద్వారానే సృష్టించాడంటారు. పరిణామం ఉత్త ఊహ కాదని పోప్ రెండవ జాన్ పాల్ 1996లో ఒప్పుకున్నారు.

శ్రమ: మొదటి దారిలో వాక్యం తేలిక, సైన్స్ క్లాసు టెన్షన్. రెండో దారిలో పాపానికి ముందే చావు ఉందా అనే ప్రశ్నతో కుస్తీ పట్టాలి. ఇది చిన్న విషయం కాదు. ఆదాము పాపం వల్లే చావు వచ్చిందని రోమా పత్రిక 5వ అధ్యాయంలో పౌలు వాదిస్తాడు.

రిస్క్: మన గుట్టల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులోని యురేనియం సీసంగా మారే వేగాన్ని బట్టి ఇలాంటి వయసులు కడతారు. అదంతా అబద్ధమని నేర్పితే, నిజం తెలిసిననాడు పిల్లాడు యేసునూ వదిలేస్తాడేమో. నా భయమంతా ఇదే. రెండో దారిలో సంఘంలో మాట పడాల్సి వస్తుంది.

ఎవరికేది: నీట్ రాసే పిల్లలకు రెండో దారే మేలు. సంఘమంతా అక్షరార్థం నమ్మేచోట ముందు పాస్టరుగారితో మాట్లాడి, రెండు అభిప్రాయాలూ చెప్పండి. క్రైస్తవ విశ్వాసాన్ని క్లుప్తంగా చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో భూమి వయసు ప్రస్తావనే లేదు.