బాసెల్‌లో యూరోవిజన్: ఎక్కడ దిగాలి, ఎక్కడి నుంచి చూడాలి

దేశానికో పాట చొప్పున ప్రధానంగా యూరప్ దేశాలు ఏటా పోటీపడే యూరోవిజన్ పాటల పోటీని స్విట్జర్లాండ్‌లోనే చూడాలని నాకు ఎప్పటినుంచో పట్టుదల. ఈ పోటీ పుట్టిందే అక్కడ. 1956లో లుగానోలో ఏడు దేశాలతో మొదలైతే, తొలి విజేత కూడా ఆ దేశపు గాయని లిస్ ఆసియానే. 1988లో గాయని సెలిన్ డియోన్ ఒకే ఒక్క పాయింటు తేడాతో ఆ దేశాన్ని మళ్లీ గెలిపించింది. తర్వాత 36 ఏళ్ల నిరీక్షణ. గెలిచిన దేశమే సాధారణంగా మరుసటి ఏడు ఆతిథ్యమిస్తుంది. 2024లో స్వీడన్‌లోని మాల్మోలో స్విట్జర్లాండ్ తరఫున నెమో గెలవడంతో 2025 మే నెలలో పోటీ బాసెల్‌కు వచ్చింది.

బస దగ్గరే ఖర్చంతా. బాసెల్ హోటళ్లలో దిగినవారికి బాసెల్ కార్డు ఇస్తారు. దానితో ఊళ్లో ట్రాములు, బస్సులు ఉచితం, మ్యూజియం టికెట్లు సగం ధరకే. అయినా ఆ వారం అద్దెలు చూసి మేము సరిహద్దు అవతల, జర్మనీలోని వైల్ ఆమ్ రైన్‌లో దిగాం. గది ఇరుకు, వేడినీళ్లు అంతంతమాత్రం. కానీ 8వ నంబరు ట్రాము ఎక్కితే నేరుగా బాసెల్ నడిబొడ్డుకు చేరుస్తుంది. బియ్యం, పెరుగు, కూరగాయలు కూడా అక్కడే చవక. ఆదివారం దుకాణాలు ఉండవు కనుక శనివారమే కొనిపెట్టుకోవాలి. చిన్నపిల్లలతో వెళ్లేవారు మాత్రం డబ్బు చూసుకోకుండా బాసెల్‌లోనే దిగడం మంచిది. ఫైనల్ రాత్రి తొమ్మిదికి మొదలై అర్ధరాత్రి దాటాకే ముగుస్తుంది.

పోటీ జరిగిన సాంక్ట్ యాకోబ్స్‌హాల్లె హాలుకు టికెట్లు దొరకడం గగనమైంది. పక్కనే ఉన్న ఫుట్‌బాల్ స్టేడియంలో 36 వేల మందికి పెద్ద తెరల మీద చూసే ఏర్పాటు చేశారు. నేనైతే దానికే ఓటు వేస్తాను. తిండి ఖరీదు ఎక్కువే, క్యూలూ పొడవే. కానీ ఆతిథ్య దేశం జనం మధ్య కూర్చుని ఆ దేశపు పాట వినడం వేరు. ఆ పాట పాడిన జోయె మే పుట్టింది బాసెల్‌లోనే. ఆమె ఫ్రెంచిలో మెల్లగా పాట అందుకోగానే అంత పెద్ద స్టేడియమూ సద్దుమణిగింది. నా ముందు వరుసలో ఒక పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పాయింట్లు ఇచ్చేది ఒక్కో దేశపు సంగీత నిపుణుల జ్యూరీలు, ప్రేక్షకులు. జ్యూరీలు ఆమెకు 214 పాయింట్లు ఇచ్చాయి. ప్రేక్షకుల ఓట్లలో మాత్రం సున్నా. తెర మీద ఆ అంకె పడగానే చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడి ఆమె పేరు పిలుస్తూ చప్పట్లు కొట్టారు. పదో స్థానం దక్కింది. ఆస్ట్రియా గాయకుడు జేజే గెలిచాడు, అర్హుడే. అయినా ఆ పాటకు సున్నా అన్యాయమని ఇప్పటికీ అంటాను.

పగటిపూట రైన్ నది మీద పడవ తప్పకుండా ఎక్కండి. దానికి ఇంజను లేదు. పైన కట్టిన తీగ ఆధారంగా, ప్రవాహపు ఒరవడితోనే ఒడ్డు దాటుతుంది. నీళ్ల సీసాలు కొననక్కర్లేదు, వీధి కుళాయిల నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉంటాయి.

1956 నాటి వేదిక కోసమని లుగానో వెళ్లాలనుకుంటే, ఆ థియేటర్ ఇప్పుడు లేదు, అక్కడ క్యాసినో ఉంది. సరస్సు కోసమైతే బాసెల్ నుంచి మూడు గంటలకు పైగా పట్టే ఆ రైలు ప్రయాణానికి ఒక రోజు కేటాయించవచ్చు.