2024 ఆల్బమ్‌లు: ఏడాది దాటాక కూడా వింటున్నవి, వదిలేసినవి

డిసెంబరు రాగానే వచ్చిపడే 'ఈ ఏటి మేటి ఆల్బమ్‌లు' జాబితాల మీద నాకు గురి తక్కువ. నవంబరులో విడుదలైనదానికి నెల తిరక్కుండానే మార్కులు వేస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఎలా తెలుస్తుంది? అందుకే 2024లో వచ్చినవాటిని ఏడాదికి పైగా వింటూ వచ్చి, ఇప్పుడు రాస్తున్నాను. నా కొలత ఒక్కటే. మొదటి పాట మొదలయ్యాక చివరిదాకా చెయ్యి పెట్టకుండా వినాలనిపిస్తోందా, లేక రెండు పాటలు ఏరి ప్లేలిస్టులో వేసుకుని మిగతావి మర్చిపోయానా? రెండు మంచి పాటలు చాలామంది ఇవ్వగలరు. ముప్పావు గంటసేపు కట్టిపడేసే వరుస కట్టడం అందరికీ వచ్చే విద్య కాదు.

ఆ లెక్కన 2024లో నాకు అన్నిటికన్నా పైన నిలిచింది ఇంగ్లండు రాక్ బృందం ద క్యూర్ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. 2008 నాటి '4:13 డ్రీమ్' తర్వాత పదహారేళ్లకు, నవంబరు 1న వచ్చింది. ఎనిమిదే పాటలు, 49 నిమిషాలు. మొదటి పాట 'అలోన్' ఏడు నిమిషాలకు కాస్త తక్కువ. అందులో మూడు నిమిషాలు దాటేదాకా గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు వినిపించదు. డ్రమ్స్ నింపాదిగా, బరువుగా పడుతుంటాయి. వాటి మీద కీబోర్డు పొరలు పొరలుగా పరుచుకుంటుంది. అడుగున సైమన్ గ్యాలప్ బేస్ గిటార్ గరుకుగా కదులుతుంటుంది. మొదటి పది సెకన్లలో పల్లవి అందుకోకపోతే జనం పాట మార్చేస్తారని అందరూ భయపడే కాలంలో ఇంత నిదానం చూపాలంటే ధైర్యం కావాలి. గొంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మనం మానేసిన తర్వాత అతను పాట ఎత్తుకుంటాడు. అరవై అయిదేళ్ల మనిషి గొంతు అది. వణుకు లేదు, అరుపు లేదు. ముప్పై ఏళ్ల కింద ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. ఆ ఎత్తుగడలో మొదటి మాటే పాటల ముగింపు గురించి. ఎర్నెస్ట్ డౌసన్ రాసిన ఓ ఇంగ్లిష్ కవిత నుంచి పుట్టిన భావం అది.

స్మిత్ అన్నయ్య రిచర్డ్ పోయిన బాధలోంచి వచ్చిన పాట 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై'. పియానో మీద చిన్న ముక్క ఒకటే మళ్లీ మళ్లీ వస్తుంటుంది. దుఃఖం గురించి వచ్చిన పాటలు లెక్కలేనన్ని ఉన్నాయి కానీ, ఇందులో ఓదార్పు మాట ఒక్కటీ లేకపోవడమే నన్ను పట్టుకుంది. ఇక చివరి 'ఎండ్‌సాంగ్' పది నిమిషాలు దాటుతుంది. అందులో గొంతు కోసం ఆరు నిమిషాలు ఆగాలి. ఇన్ని నెలల తర్వాత కూడా ఆ ఆరు నిమిషాల్లో ఒక్క సెకను కూడా ముందుకు జరపాలని అనిపించలేదు. లోపం చెప్పాలంటే మిక్సింగ్ బాగా కిక్కిరిసి ఉంటుంది. 'డ్రోన్: నోడ్రోన్' లాంటి చోట చిన్న ఇయర్‌ఫోన్స్‌తో వింటే గిటార్లు, డ్రమ్స్ కలిసిపోయి మసకబారతాయి. పెద్ద హెడ్‌ఫోన్స్ గానీ స్పీకర్లు గానీ ఉంటేనే ఈ ఆల్బమ్‌కి న్యాయం జరుగుతుంది.

రెండోది అరూజ్ ఆఫ్తాబ్ 'నైట్ రెయిన్'. మే 31న వచ్చింది. లాహోర్‌లో పెరిగి అమెరికాలో స్థిరపడిన గాయని. 'మొహబ్బత్' పాటకు 2022లో గ్రామీ అందుకుని, ఆ బహుమతి గెలిచిన తొలి పాకిస్తానీ కళాకారిణి అయింది. ఈ ఆల్బమ్ గురించి మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇందులోని 'నా గుల్' పాటకు సాహిత్యం మహలఖా బాయి చందాది. నిజాం కాలపు హైదరాబాదులో కవయిత్రిగా, నర్తకిగా పేరు పొంది, దీవాన్ (కవితా సంపుటి) వెలువడిన తొలి ఉర్దూ కవయిత్రుల్లో ఒకరైన ఆమె ఇప్పుడు మౌలాలి గుట్ట పాదాన సమాధిలో ఉంది. 1824లో కన్నుమూసిన మనిషి మాటలు సరిగ్గా రెండు వందల ఏళ్లకు న్యూయార్క్ జాజ్ వాద్యకారుల మధ్య నుంచి వినిపించడం మామూలు విషయం కాదు.

అరూజ్ గొంతు ఎప్పుడూ పైకి ఎగరదు. మంద్రంలోనే తిరుగుతూ, ఒక్కో మాటను సాగదీసి, మాటకీ మాటకీ మధ్య వాయిద్యాలకు చోటు వదులుతుంది. హార్ప్ తీగలు, డబుల్ బేస్ ఆ ఖాళీల్లోకి వచ్చి వెళుతుంటాయి. గజల్ పాడేవాళ్లు సాధారణంగా చూపించే గమకాల విన్యాసం ఇక్కడ వెతికితే దొరకదు. కొందరికి అది వెలితిగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ అదుపే ఆల్బమ్‌కి ప్రాణం. అందరూ పాడి అరగదీసిన 'ఆటమ్ లీవ్స్' అనే పాత జాజ్ పాటను కూడా ఆమె చీకట్లో నడుస్తున్నట్టు పాడి కొత్తది చేసింది. ఉర్దూ రాకపోయినా వినండి. తర్వాత 'నా గుల్' అర్థం ఎవరినైనా అడిగి తెలుసుకుని మళ్లీ వినండి. అప్పుడు అదే పాట ఇంకో మెట్టు పైకి వెళుతుంది.

బిల్లీ ఐలిష్ 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్' మే 17న పది పాటలతో వచ్చింది. ముందుగా ఒక్క పాటను కూడా సింగిల్‌గా విడిగా వదల్లేదు. ఇంత పెద్ద తారకు అది సాహసమే, కానీ ఆల్బమ్‌ను మొత్తంగా వినాలని అలా పట్టుబట్టడం నాకు చాలా నచ్చింది. 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్' ఎక్కడ చూసినా మోగి మోగి అలవాటైపోయింది కదా అని దాన్ని తీసిపారేయకండి. ఆ పాట చివర్లో, ఎప్పుడూ గుసగుసలాడే ఆ గొంతు ఒక్కసారిగా తెరుచుకుని పై స్థాయికి వెళ్లే చోటు విని చూడండి. ఆ తర్వాత 'ద గ్రేటెస్ట్'లో ఆ గొంతు ఇంకా బాహాటంగా విచ్చుకుంటుంది. ఫ్రెంచి పేరుతో ఉన్న 'లామూర్ ద మ వీ' బద్ధకంగా సాగే జాజ్ తరహా బాణీలో మొదలై, నడిమధ్యన తెగి, మెరుపు సింథసైజర్లతో నాట్యపు పాటైపోతుంది. ఆ మలుపు వస్తుందని ముందే తెలిసినా పాతబడలేదు. చివర్లో తర్వాతిది ఎప్పుడు వినొచ్చని బిల్లీయే అడుగుతుంది, అక్కడితో ఆల్బమ్ అయిపోతుంది. అన్న ఫినియస్‌తో కలిసి చేసే పనిలో వాళ్లిద్దరికీ ఎక్కడ ఆపాలో తెలుసు.

ఇక్కడో మాట. ఇలాంటి ఆల్బమ్‌లు వినేటప్పుడు యాప్ సెట్టింగులు చూసుకోండి. నేను చాలాకాలం వాడిన ఒక యాప్ పాటకీ పాటకీ మధ్య చిన్న ఖాళీ వదిలేది. ఒక పాట చివరి స్వరంలోంచి ఇంకో పాట పుట్టే చోట ఆ ఖాళీ వచ్చి మొత్తం పాడుచేస్తుంది. ఖాళీ లేకుండా వినిపించే ఏర్పాటు చాలా యాప్‌లలో ఉంటుంది, వెతికి ఆన్ చేసుకోవాలి. షఫుల్ గురించి చెప్పనక్కర్లేదు.

నిడివే సమస్య అనుకుంటే బియాన్సే 'కౌబాయ్ కార్టర్' నా లిస్టులో ఉండకూడదు. 27 ట్రాకులు, 78 నిమిషాలు. అయినా ఏడాది తర్వాత కూడా మొత్తంగానే వింటున్నాను. కారణం, అమెరికా పల్లెపాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతం చుట్టూ అల్లిన ఈ ఆల్బమ్‌ను రేడియో కార్యక్రమంలా కట్టడం. పాతతరం కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ వ్యాఖ్యాతగా వచ్చి పలకరిస్తాడు, స్టేషన్లు మారుతుంటాయి, మధ్యలో ఆ తరం గాయని డాలీ పార్టన్ మాట్లాడుతుంది. కంట్రీ సంగీతానికి పేరుమోసిన గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికపై సోలోగా పాడిన తొలి నల్లజాతి మహిళ లిండా మార్టెల్ వచ్చి సంగీతంలో ఈ వర్గీకరణలన్నీ ఏమిటని అడుగుతుంది. 1970లో ఒక్క ఆల్బమ్ తీసి, ఆ తర్వాత ఆ రంగం పట్టించుకోకుండా వదిలేసిన మనిషిని ఇలా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టడం ఈ ఆల్బమ్ చేసిన మంచి పనుల్లో ఒకటి.

బీటిల్స్ 'బ్లాక్‌బర్డ్'ను నలుగురు నల్లజాతి కంట్రీ గాయనులతో కలిసి పాడిన చోట, 1968లో పాల్ మెకార్ట్నీ వాయించిన అసలు గిటారునే వాడారు. హెడ్‌ఫోన్స్‌లో శ్రద్ధగా వింటే అతను కాలితో వేసిన తాళం కూడా వినిపిస్తుంది. దాని మీద ఐదు ఆడగొంతులు ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. 'డాటర్'లో హఠాత్తుగా 'కారో మియో బెన్' అనే ఇటాలియన్ శాస్త్రీయ గీతం రావడం కూడా నాకు ఇష్టం. 'జోలీన్' మాత్రం మింగుడుపడలేదు. డాలీ పార్టన్ పాడిన అసలు పాటలో ఒక స్త్రీ ఇంకో స్త్రీని బతిమాలుకుంటుంది, పాటకు ఆయువుపట్టు అదే. బియాన్సే పాడినదాంట్లో బతిమాలడం పోయి హెచ్చరిక వచ్చింది. గొంతులో దమ్ముంది, గుండెలో గుబులు పోయింది. 2025 ఫిబ్రవరిలో గ్రామీ వాళ్లు దీనికి ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ ఇచ్చారు. ఆ ఎంపికతో నాకు పేచీ లేదు.

నిరాశ పరిచిన వాటిలో ముందు చెప్పాల్సింది టేలర్ స్విఫ్ట్ 'ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్'. 2020లో వచ్చిన 'ఫోక్‌లోర్' మీద నాకున్న ప్రేమ వల్లే ఈ నిరాశ ఎక్కువైంది. ఏప్రిల్ 19న 16 పాటలు వచ్చాయి. రెండు గంటలకే ఇంకో 15. మొత్తం 31 పాటలు, రెండు గంటల పైచిలుకు. ఇందులో మంచి పాటలు లేవని ఎవరూ అనలేరు. 'సో లాంగ్, లండన్' మొదట్లో ఆమె గొంతే పొరలుగా చేరి చర్చి బృందగానంలా మోగే చోటు అద్భుతం. 'ద బ్లాక్ డాగ్'లో నిశ్శబ్దం నుంచి హోరులోకి దూకే క్షణం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ వాటి మధ్య దూరం చాలా ఉంది. ఒకే వేగం, ఒకే తరహా మెత్తటి సింథసైజర్లు, ఒక్కో వాక్యంలో పట్టనన్ని మాటలు. పాట తర్వాత పాట సాగుతుంటే ఏది ఎక్కడ మొదలైందో గుర్తుండదు. సహ నిర్మాత ఆరన్ డెస్నర్ చేయి ఎక్కువగా ఉన్న రెండో సగం పియానో, గిటార్ల వల్ల కాస్త ఊపిరాడుతుంది. ఓ డజను పాటలు ఏరి వరుస మార్చి వింటే నిజంగా గొప్ప ఆల్బమ్ బయటపడుతుంది. నా ఫోనులో ఇప్పుడు ఉన్నది అదే. అయితే ఆ ఏరివేత వినేవాళ్ల మీద వదిలేయాల్సిన పని కాదు.

కోల్డ్‌ప్లే 'మూన్ మ్యూజిక్' సంగతి వేరు. అక్టోబరు 4న వచ్చిన ఈ ఆల్బమ్‌లో పదే ట్రాకులు, అంటే నిడివి సమస్య లేదు. వినైల్ రికార్డులను వాడేసిన ప్లాస్టిక్ సీసాలతో, ఒక్కోదానికి తొమ్మిది చొప్పున కరిగించి తయారు చేయించారు. ఆ ప్రయత్నానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. సంగీతమే చేతికి అందలేదు. ప్రేమ, వెలుగు, లోకమంతా ఒక్కటి అనే మాటలు పాట పాటకీ వస్తాయి గానీ, ఒక మనిషి, ఒక గది, ఒక సాయంత్రం ఎక్కడా కనిపించదు. లిటిల్ సిమ్జ్, బర్నా బాయ్ లాంటి హేమాహేమీలు చేరిన 'వి ప్రే'లో కూడా ఎవరి సొంత గొంతూ పూర్తిగా నిలదొక్కుకోకముందే అందరూ కలిసి పాడే పల్లవి వచ్చి కమ్మేస్తుంది. 'ఆల్ మై లవ్' మాత్రం ఉంచుకున్నాను. పియానో పక్కన కూర్చుని పాడితే బృంద గాయకుడు క్రిస్ మార్టిన్‌కి ఇప్పటికీ సాటి లేదు. మిగతా తొమ్మిదిటినీ మళ్లీ తెరవాలని అనిపించడం లేదు.

చార్లీ ఎక్స్‌సీఎక్స్ 'బ్రాట్' ఆకుపచ్చ అట్ట, దాని చుట్టూ రేగిన హడావుడి చల్లారాక నాకు ఇంకా బాగుంది. ఊపేసే పాటల మధ్య, 2021లో పోయిన స్నేహితురాలు, సంగీత నిర్మాత సోఫీని తలుచుకునే 'సో ఐ' ఉంది. మొదటి పాట '360' బాణీనే వేగం పెంచి 365గా చివర్లో తిప్పికొట్టడంతో మళ్లీ మొదటికి వెళ్లాలనిపిస్తుంది. రాపర్ కెండ్రిక్ లమార్ 'జీఎన్ఎక్స్' నవంబరు 22న చెప్పాపెట్టకుండా వచ్చింది. 12 పాటలు, 44 నిమిషాలు, ఎక్కడా కొవ్వు లేదు. మెక్సికో జానపద శైలి మరియాచి పాడే డేరా బరేరా స్పానిష్ ఆలాపనతో మొదలయ్యే తీరు ఒక్కటి చాలు. లూథర్ వాండ్రోస్, షెరిల్ లిన్ పాత యుగళగీతం ముక్కను తీసుకుని, గాయని సిజాతో పాడిన 'లూథర్' ఎన్నాళ్లయినా వాడిపోలేదు.

ఏడ్రియన్ లెంకర్ 'బ్రైట్ ఫ్యూచర్' పూర్తిగా టేపు మీద రికార్డు చేసినది. మొదటి పాట 'రియల్ హౌస్'లో పియానో, గొంతు తప్ప దాదాపు ఏమీ లేవు. అమ్మతో మాట్లాడుతున్నట్టు చిన్నప్పటి జ్ఞాపకాలు చెప్పుకుపోతుంది. లయ కూడా మాటల వెంటే ఆగుతూ, కదులుతూ వెళుతుంది. గది గాలి కూడా వినిపించేంత దగ్గరగా ఉంటుంది రికార్డింగ్. తెల్లారుజామున వినాల్సిన ఆల్బమ్, పగటి రద్దీలో నిలవదు.

చివరగా, అందరికీ తెలియాల్సినంతగా తెలియని ఆల్బమ్. నైజర్ దేశానికి చెందిన, సహారా ఎడారి టువారెగ్ తెగ గిటారిస్టు ఎమ్‌డూ మొక్తార్ 'ఫ్యూనరల్ ఫర్ జస్టిస్' మే 3న వచ్చింది. టువారెగ్‌ల తమాషెక్ భాషలో పాడతాడు. ఎడమచేతి వాటం. తీగల మీద వేళ్లు పరిగెత్తే వేగం చూస్తే నోట మాట రాదు. పాటల్లో ఉన్నది ఫ్రాన్స్ వలస పాలన మిగిల్చిన గాయాల మీద నేరుగా ప్రశ్న. 2023 జులైలో నైజర్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు బ్యాండు అమెరికా పర్యటనలో ఉండి ఇంటికి వెళ్లలేకపోయింది. ఆ రోజుల్లో ఇవే పాటలను ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పెట్టి నెమ్మదిగా మళ్లీ రికార్డు చేశారు. అది 2025 ఫిబ్రవరిలో 'టియర్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్' పేరుతో వచ్చింది. తమ భాషను కాపాడుకోమని చెప్పే 'ఇమూహర్' రెండింటిలోనూ ఉంది. మొదటిదాంట్లో అది కోపం, రెండోదాంట్లో దిగులు. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు ఎలక్ట్రిక్ రూపమే ముందు, కాస్త శబ్దం పెంచి వినండి. రెండోది మర్నాటికి ఉంచుకోండి.