చలికాలం శనాదివారాలకు వియన్నా మేలా, బుడాపెస్ట్ మేలా?

మ్యూనిక్‌లో రైలెక్కితే దాదాపు నాలుగు గంటల్లో ఆస్ట్రియా రాజధాని వియన్నా. దిగకుండా అదే రైల్లో కూర్చుంటే ఇంకో రెండున్నర గంటల పైచిలుకులో హంగరీ రాజధాని బుడాపెస్ట్. జర్మనీలో ఉంటున్న మనవాళ్ళ ఇళ్ళలో డిసెంబరు రాగానే ఈ చర్చ మొదలవుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండి, ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉంటే నేనైతే వియన్నాలోనే దిగిపొమ్మంటాను. పిల్లలు కాలేజీ వయసువాళ్ళయితే లెక్క మారుతుంది.

రెండు ఊళ్ళలోనూ చలి ఒకటే, సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకడమూ ఒకటే. పెద్దవాళ్ళు గంటసేపు నడిచాక ఎక్కడో అక్కడ కూలబడాల్సిందే. కాబట్టి వెచ్చగా ఎక్కడ కూర్చోవచ్చు, ఎంతసేపు కూర్చోనిస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ విషయంలో వియన్నాకు సాటి లేదు. అక్కడి కాఫీహౌస్‌లో ఒక్క కాఫీ చెప్పి పూటంతా కూర్చున్నా లేవమనే ఆనవాయితీ లేదు. చిన్న వెండిరంగు ట్రేలో కాఫీ, పక్కన గ్లాసుడు మంచినీళ్ళు, ఆ గ్లాసు మీద బోర్లించిన చెంచా. చెక్క చట్రాలకు బిగించిన పేపర్లు ఉంటాయి, కోట్లు తగిలించుకోవడానికి స్టాండు ఉంటుంది. ఆస్ట్రియా 2011లో ఈ అలవాటును తమ దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కించుకుంది కూడా. పాలనురగతో ఇచ్చే మెలాంజ్ మన ఫిల్టర్ కాఫీ నాలుకకు కాస్త చప్పగానే ఉంటుంది, అది వేరే సంగతి. 1876 నాటి కఫే సెంట్రల్ కమాన్లు చూడముచ్చటైనవే, కానీ బయట క్యూ ఉంటుంది. పిల్లల్ని ఆ చలిలో నిలబెట్టేకంటే 1880లో తెరిచిన స్పెర్ల్‌కు వెళ్ళండి. పాత సోఫాలు, బిలియర్డ్స్ బల్లలు, హడావుడి తక్కువ.

బుడాపెస్ట్‌లో కఫేలకు కొదవేం లేదు. 1894 నాటి న్యూయార్క్ కఫేలో స్తంభాల నుంచి పైకప్పు దాకా బంగారు పూతే. అయితే అది కళ్ళారా చూసి, ఫొటో తీసుకుని, బిల్లు చూసి నిట్టూర్చి లేచి రావాల్సిన చోటు. కోట ఉన్న కొండ మీది రుస్వుర్మ్ కఫే 1827 నుంచీ ఉంది, కేకులు బాగుంటాయి, కానీ మరీ ఇరుకు. ఆరుగురు వెళ్తే ఒకే బల్ల దొరకడం కష్టం. ఒక్క కేకు మాటకొస్తే మాత్రం నా ఓటు బుడాపెస్ట్‌కే. యోజెఫ్ దోబోష్ 1885లో జనానికి చూపించిన దోబోష్ కేకులో పల్చటి పొరల మధ్య చాక్లెట్ వెన్న, పైన గాజులా గట్టిపడిన పంచదార పాకం ఉంటాయి. చాకు దించితే పటుక్కుమంటుంది. దాని ముందు వియన్నావారి చాక్లెట్ కేకు జాహర్ పొడిపొడిగా తోస్తుంది. రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది, అత్తగారికి ముందే చెప్పండి.

గుడ్డు ముట్టనివాళ్ళకు బుడాపెస్ట్‌లో లాంగోష్ ఉంది. నూనెలో వేయించిన పెద్ద పూరీ లాంటిది, వెల్లుల్లి పూసి పుల్లటి మీగడ, చీజు వేసిస్తారు. పిండిలో మామూలుగా గుడ్డు కలపరు, అయినా అడిగి తీసుకోవడం మంచిది.

మ్యూజియంలకొస్తే వియన్నాదే పైచేయి. కుంస్ట్‌హిస్టోరిషెస్ అనే కళల మ్యూజియంలో 19 ఏళ్ళలోపు వాళ్ళకు టికెట్ లేదు. అక్కడ పాతకాలపు చిత్రకారుడు బ్రూగెల్ బొమ్మలున్న గదిలో 1560 నాటి ‘పిల్లల ఆటలు’ బొమ్మ ముందు పిల్లల్నీ అమ్మమ్మనీ కలిపి నిలబెట్టండి. ఒకే బొమ్మలో రెండు వందల మందికి పైగా ఆడుతుంటారు. ఎడమవైపు కింద మూలన ఇద్దరు ఎముక ముక్కలతో ఆడేది అచ్చంగా మన అచ్చనగాయలే. కళ్ళగంతలు ఉంది, బొంగరాలు ఉన్నాయి. ఏ ఆట ఎక్కడుందో వెతికే పని అప్పగిస్తే అరగంట ఇట్టే గడిచిపోతుంది. అదే గదిలో 1565 నాటి మంచు వేటగాళ్ళ బొమ్మ కూడా ఉంది. బయట అనుభవిస్తున్న చలే, లోపల వెచ్చగా నిలబడి చూడొచ్చు.

మరి బుడాపెస్ట్ ఎవరికి? వేడినీటి కొలనుల్లో దిగాలని ఉన్నవాళ్ళకు. 1913లో తెరిచిన సెచెనీ స్నానశాలలో ఆరుబయట కొలను నుంచి ఆవిర్లు లేస్తుంటాయి, మెడదాకా నీళ్ళలో మునిగి పెద్దమనుషులు చదరంగం ఆడుతుంటారు. బట్టలు మార్చుకునే గది నుంచి నీళ్ళదాకా తడి రాళ్ళ మీద వణుకుతూ పరుగెత్తాలి, ఆ తర్వాత స్వర్గమే. చిక్కల్లా పిల్లలతోనే. 14 ఏళ్ళలోపు వాళ్ళ మీద ఆంక్షలు ఉంటాయి, టికెట్ కొనేముందే నిబంధనలు చదువుకోండి. పిల్లల్ని బయట వదిలి పెద్దలు వంతులవారీగా స్నానం చేసేటట్టయితే అంత దూరం వెళ్ళడం దండగ. అక్కడికి తీసుకెళ్ళే 1896 నాటి పసుపు మెట్రో మాత్రం పిల్లలకు బొమ్మ రైలంత ముద్దుగా ఉంటుంది. రోడ్డు కిందే కాబట్టి మెట్లూ కొద్దే.

ఖర్చు బుడాపెస్ట్‌లోనే తక్కువ. అక్కడ యూరో కాదు, ఫోరింట్. ఆదివారం దుకాణాలు తెరిచే ఉంటాయి. వియన్నాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు కూడా దాదాపు అన్నీ మూతే, కాబట్టి పాలు, పెరుగు శనివారమే కొనిపెట్టుకోవాలి.

మధ్యలో ప్రాగ్ పేరు కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. ఊరు అందమైనదే, కానీ ఆ అందమంతా ఆరుబయటే: వంతెన, కొండ మీది కోట, రాళ్ళు పరిచిన వీధులు. స్ట్రోలర్ తోసుకుంటూ జనవరిలో ఆ పని పెట్టుకోకండి, ఏప్రిల్‌కి దాచుకోండి.

సోమవారం సెలవు దొరికితే వియన్నాలో మ్యూజియం ఆదివారమే చూసేయండి, చలికాలంలో సోమవారం దానికి సెలవు ఉండొచ్చు. పెద్దవాళ్ళది ఒక్కసారే ప్రవేశం ఉండే సింగిల్ ఎంట్రీ షెంజెన్ వీసా అయినా, జర్మనీలాగే ఈ రెండు దేశాలూ షెంజెన్‌లోవే కాబట్టి రెండు ఊళ్ళకూ ఇబ్బంది లేదు. తిరుగు ప్రయాణంలో జర్మనీ సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి అడగొచ్చు, పాస్‌పోర్టులు పెద్ద సూట్‌కేసులో అడుగున పెట్టకండి.