బ్యాటరీ యాంప్ కొనేవాళ్లు జాగ్రత్త: "160 వాట్లు" అన్న పెట్టె బీచ్‌లో 12 నిమిషాలకే ఆగిపోయింది

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉంటూ, బయట చిన్న కార్యక్రమాల్లో యుకులేలే (గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం) వాయించడానికి బ్యాటరీ యాంప్, అంటే శబ్దం పెంచే బ్యాటరీ స్పీకర్ పెట్టె, కోసం వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నాకు 6,800 రూపాయలు పోయాయి. మీకు పోకూడదు.

నేను బరంపురంలో ఇంటి దగ్గరే పిల్లలకు యుకులేలే నేర్పిస్తాను. పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం ఆరుగురు పిల్లల చేత గోపాల్‌పూర్ బీచ్‌లో వాయింపిద్దామనుకున్నాం. వినడానికి అమ్మానాన్నలు, చుట్టాలు కలిపి నలభై మంది. అక్కడ కరెంటు దొరకదు కదా అని మా ఊళ్లోనే ఒక దుకాణంలో చక్రాల ట్రాలీ స్పీకర్ కొన్నాను. "160 వాట్లమ్మా, ఒక్కసారి చార్జింగ్ పెడితే ఆరు గంటలు ఢోకా లేదు" అన్నాడాయన. ప్లగ్గులో పెట్టి, ఫోన్‌లోంచి పాట వేసి వినిపించాడు. దుకాణమంతా దద్దరిల్లింది. నేను నమ్మేశాను.

రాత్రంతా చార్జింగ్ పెట్టి తీసుకెళ్లాం. రెండో పాప పాట సగంలో ఉండగా శబ్దం ముద్దముద్దగా అయింది, ఎర్ర లైటు మిణుకుమంది, గుర్రుమని ఒక మోత వచ్చి పెట్టె ఆగిపోయింది. మొత్తం 12 నిమిషాలు. ఆ పాప చెయ్యి ఆపి నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేకపోతున్నాను. నెల రోజులుగా ప్రాక్టీసు చేసింది పాపం.

మర్నాడు దుకాణానికి వెళితే "బ్యాటరీకి వారంటీ ఉండదమ్మా" అన్నాడు. మా తమ్ముడు వెనక పలక విప్పి చూశాడు. లోపల ఉన్నది 12 వోల్టుల, 4.5 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. పక్కలు ఉబ్బి ఉన్నాయి, టెర్మినల్ దగ్గర తెల్లటి పొడి. మళ్లీ ఫుల్ చార్జ్ చేసి, రెండు గంటలు వదిలేసి మల్టీమీటర్ పెడితే 10.5 వోల్టులు చూపించింది. బాగున్న బ్యాటరీ అయితే 12.7 దాటాలి. అందులో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. అంటే ఒక సెల్ చచ్చిపోయినట్టే. ఈ రకం బ్యాటరీని చార్జింగ్ లేకుండా నెలల తరబడి మూల పడేస్తే లోపల సల్ఫేట్ గట్టిపడి పాడైపోతుంది. నాకు అంటగట్టింది పాత స్టాకు. పెట్టె కొత్తగా మెరుస్తోంది కదా అని మోసపోకండి.

ఇక వాట్ల సంగతి. 12ని 4.5తో గుణిస్తే 54 వాట్ అవర్లు, అంటే 54 వాట్లు లాగితే ఒక గంట. నిజంగా 160 వాట్లు లాగితే ఆ బ్యాటరీ కొత్తదైనా 20 నిమిషాలకే ఖాళీ అవుతుంది. 160 వాట్లు, ఆరు గంటలు, ఈ రెండు మాటలూ ఒకే పెట్టెకు కుదరవు. అట్టపెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరుతో పెంచి రాసే అంకె) అని ఉంటే ఆ అంకెను వదిలేయండి, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు వాట్లు) ఎంతో అడగండి.

నన్ను ఇంకా బాధపెట్టింది శబ్దం. నడిచిన ఆ 12 నిమిషాలు కూడా యుకులేలే రేకు డబ్బా మీద కొట్టినట్టు వినిపించింది. మన యుకులేలేల్లో చాలావాటికి ఉండేది పీజో పికప్, అంటే తీగల అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న పట్టీ. దానికి ఒక మెగా ఓమ్ (వెయ్యి కిలో ఓమ్‌లు) దాకా ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు అడ్డు, ఉన్న ఇన్‌పుట్ కావాలి. ట్రాలీ స్పీకర్లలో ఉండేది మామూలుగా మైక్ ఇన్‌పుట్, అది కొన్ని కిలో ఓమ్‌లే. అందులో పెడితే కింది స్వరాలు కొట్టుకుపోయి గీరుడు మిగులుతుంది. నా పెట్టె మీద "గిటార్" అని అచ్చు వేసి ఉంది కానీ, లోపల మైక్ జాక్‌కూ దానికీ ఒకటే సర్క్యూట్. మూడో తీగ, అంటే సి స్వరం ఇచ్చేది, మీటి చూడండి. అది పీలగా వినిపిస్తే కొనొద్దు.

కాబట్టి మీ యుకులేలే, మీ కేబుల్ పట్టుకెళ్లండి. ప్లగ్గు తీయించి, బ్యాటరీ మీదే కనీసం అరగంట వాయించండి. దుకాణదారు విసుక్కున్నా పర్వాలేదు. పెట్టెను దుకాణం బయటికి తెచ్చి కూడా వినండి, గోడలు లేని చోట శబ్దం సగానికి సగం తేలిపోతుంది. బ్లూటూత్‌తో వాయిద్యం కలుపుకోవచ్చు అంటే ఒప్పుకోకండి, మీటాక రెప్పపాటు ఆలస్యంగా వినిపిస్తుంది, తాళం తప్పుతుంది. కచ్చా బిల్లు అసలు తీసుకోవద్దు. నేను జీఎస్‌టీ బిల్లు తీసుకున్నాను కాబట్టే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించగలిగాను. ఇంకా తేలలేదు.

నలభై మందికి పెద్ద వాట్లు అక్కర్లేదని ఇప్పుడు అర్థమైంది. రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ లాంటి బ్యాటరీ యాంప్‌లు రెండు స్పీకర్లకు రెండున్నర చొప్పున మొత్తం ఐదు వాట్లే, ఆరు ఏఏ సెల్స్‌తో నడుస్తాయి. మధ్యలో సెల్స్ అయిపోతే పక్క కొట్లో కొని వేసుకోవచ్చు. ధర ఎక్కువే, అందుకే సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను.

బరంపురంలో ఎవరైనా యాంప్ కొనబోతుంటే ఇక్కడ ఒక మాట రాయండి. తమ్ముడి మల్టీమీటర్, నా యుకులేలే పట్టుకుని నేను కూడా దుకాణానికి వస్తాను.