పిక్సెల్‌కు ఒక బిట్టా, ఒక బైటా? గ్లిఫ్ బిట్‌మ్యాప్‌కు ఏ రూపం మేలు?

ఫాంట్ ఫైలులో అక్షరపు ఆకారం, అంటే గ్లిఫ్, వంపుగీతల రూపంలో ఉంటుంది. తెర మీదికి రావాలంటే అది చుక్కలుగా, అంటే పిక్సెళ్లుగా మారాలి. ఆ చుక్కల గడే బిట్‌మ్యాప్. ఫ్రీటైప్ వంటి సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఆ పని చేసి పెడుతుంది. అయితే చేతికందిన చుక్కలను మన ప్రోగ్రాములో ఏ రూపంలో దాచుకోవాలన్నది మనమే తేల్చుకోవాలి. పిక్సెల్‌కు ఒక బిట్, నాలుగు బిట్లు, ఒక బైట్, ఎరుపు-ఆకుపచ్చ-నీలాలకు విడివిడిగా మూడు బైట్లు, పారదర్శకతతో కలిపి నాలుగు బైట్లు అనే దారులన్నీ వాడుకలో ఉన్నవే.

ముందుగా లెక్క చూద్దాం. అడ్డం 24, నిలువు 24 పిక్సెళ్ల గ్లిఫ్‌కు ఒక బిట్ పద్ధతిలో 72 బైట్లు, నాలుగు బిట్ల పద్ధతిలో 288, ఒక బైట్ పద్ధతిలో 576, నాలుగు బైట్ల పద్ధతిలో 2,304 బైట్లు పడతాయి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలే అయినా, గుణింతాలూ వత్తులూ కలిసేసరికి ఫాంటులోని గ్లిఫ్‌ల సంఖ్య అంతకు ఎన్నో రెట్లవుతుంది. 600 గ్లిఫ్‌లు దాచాలనుకుంటే, పిక్సెల్‌కు ఒక్క బిట్ చొప్పునే 43,200 బైట్లు కావాలి. ఆర్డుయినో ఊనో ఆర్3 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులో ప్రోగ్రామును దాచే ఫ్లాష్ మెమరీ మొత్తం 32 కిలోబైట్లే కాబట్టి అక్కడ ఆ ఆశ వదులుకోవాల్సిందే. అదే ఫోనులోనో కంప్యూటరులోనో అయితే పిక్సెల్‌కు ఒక బైట్ చొప్పున అయ్యే 3,45,600 బైట్లను కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఒక బిట్ పద్ధతికి చక్కని ఉదాహరణ గ్నూ యూనిఫాంట్. అందులో ఒక్కో గ్లిఫ్ 8×16 లేదా 16×16 చుక్కల గడి. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ అక్షరానికి చెందిన వరుసలను పదహారు అంకెల (హెక్సాడెసిమల్) పద్ధతిలో చదివితే పైన 18, దాని కింద రెండుసార్లు 24, ఆపైన 42 అని వస్తాయి. వాటిని బిట్లుగా విప్పితే 00011000, 00100100, 01000010 అవుతాయి. కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుంటే అక్షరపు శిఖరమూ దిగే రెండు కాళ్లూ కంటికే కనిపిస్తాయి. ఇంత పారదర్శకమైన రూపం మరొకటి లేదు.

అయితే ఈ రూపం తెలుగుకు అంతగా కలిసిరాదు. ద, ధలకూ ప, ఫలకూ తేడా చిన్న గీతే. 16 చుక్కల ఎత్తులో పైన గుడికీ కింద వత్తుకూ చోటు వదిలితే అసలు అక్షరానికి మిగిలేది ఏడెనిమిది చుక్కలు. అందులో ఆ గీత పక్క వంపులో కలిసిపోయి ‘ధనం’ కాస్తా ‘దనం’ అవుతుంది. ‘స్త్రీ’ వంటి అక్షరం సంగతి చెప్పనక్కరలేదు. పిక్సెల్‌కు ఒక బైట్ ఇచ్చినప్పుడు చుక్కలో ఎంత భాగాన్ని గీత కప్పిందో 0 నుంచి 255 వరకు కొలతగా నమోదవుతుంది. ఈ లేతా ముదురూ ఛాయల వల్లనే సన్నని గీత సన్నగానే నిలుస్తుంది. నాలుగు బిట్ల పద్ధతిలో 16 ఛాయలే ఉన్నా, చిన్న తెరల మీద ఆ లోపాన్ని కన్ను సులభంగా పట్టుకోదు. ఎల్‌వీజీఎల్ వంటి చిన్న పరికరాల లైబ్రరీ ఫాంట్లకు 1, 2, 4, 8 బిట్లలో ఏదైనా ఎంచుకోనిస్తుంది. నాలుగు మెగాబైట్ల ఫ్లాష్ ఉన్న రంగుల తెర పరికరంలో తెలుగు చూపించాలంటే నేను నాలుగు బిట్లనే ఎంచుకుంటాను.

తెర మీది ఒక్కో పిక్సెల్‌లో ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గడులను విడివిడిగా వెలిగించే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 1998లో క్లియర్‌టైప్ పేరుతో ప్రకటించింది. ఇందుకోసం ఫ్రీటైప్ ఇచ్చే బిట్‌మ్యాప్‌లో వెడల్పు మూడింతలుగా కనిపిస్తుంది. అది తెలియక మూడు అక్షరాల వెడల్పు వదిలేసేవారు ఉంటారు. ఫోనును అడ్డంగా తిప్పితే గడుల వరుస మారిపోతుంది, పారదర్శకమైన పొర మీద రాస్తే మూడు వేర్వేరు కొలతలను ఒక్క పారదర్శకతలో ఇమడ్చలేము. 2018లో వచ్చిన మ్యాక్ ఓఎస్ మొజావేలో ఆపిల్ దీన్ని మామూలు అమరికల నుంచి తొలగించింది. ఇప్పుడు కొత్తగా రాసే ప్రోగ్రాముకు దీన్ని తలకెత్తుకోవాల్సిన అవసరం నాకు కనిపించదు.

నాలుగు బైట్ల రూపం రంగుల ఎమోజీలకు మాత్రమే తగినది. మామూలు అక్షరాన్ని తెల్లరంగు బొమ్మగా దాచినప్పుడు నాలుగింట మూడు బైట్లు వృథాగా 255తో నిండి ఉంటాయి. గ్లిఫ్ బొమ్మ కాదు, కప్పిన మేర కొలత. రంగు గీసేటప్పుడు చేరాలి. దాచేటప్పుడు కాదు.

రూపం ఎంచుకున్నంత మాత్రాన పని పూర్తికాదు, వరుసల అమరిక కూడా తేలాలి. 17 చుక్కల వెడల్పు, 20 వరుసలు ఉన్న గ్లిఫ్‌ను ఒక బిట్ పద్ధతిలో ఒక్కో వరుసను బైట్ హద్దుకు సర్దితే 60 బైట్లు, వరుసల మధ్య ఖాళీ లేకుండా కూర్చితే 43 బైట్లు అవుతాయి. చిన్న తెరల కోసం వాడే అడాఫ్రూట్ జీఎఫ్ఎక్స్ లైబ్రరీ ఫాంట్లు రెండో దారి పట్టాయి. చోటు కలిసివస్తుంది గానీ, ఏదో ఒక వరుసకు నేరుగా దూకడం కష్టమవుతుంది. ఫ్రీటైప్‌లో మాత్రం ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు ఉండే దూరాన్ని ‘పిచ్’ అనే వేరే విలువగా ఇస్తారు. అది వెడల్పుతో సమానం కానక్కరలేదు, రుణ సంఖ్య కూడా కావచ్చు.

ఈ తేడాను నేను మొదట తెర మీద బొమ్మలు గీయడానికి వాడే ఓపెన్‌జీఎల్‌లో నేర్చుకున్నాను. 17 బైట్ల వరుసలను అలాగే పంపితే, ప్రతి వరుసా 4 బైట్ల హద్దులో మొదలవుతుందనే మామూలు అమరిక వల్ల అది 20 బైట్లకొక వరుస చొప్పున చదివింది. ప్రతి వరుసా మూడు చుక్కలు ఎడమకు జరిగి, అక్షరం గాలికి ఒరిగిన గడ్డిలా వాలిపోయింది. అది ఇటాలిక్ అనుకుని ఫాంటునే మార్చి చూశాను. చివరకు ఆ హద్దును 1కి మార్చే ఒక్క వాక్యంతో అక్షరం నిటారుగా నిలిచింది.

బిట్ల క్రమం కూడా అలాంటిదే. ఫ్రీటైప్ ఒక బిట్ రూపంలో ఎడమ అంచు చుక్క బైట్‌లోని అత్యధిక స్థానపు బిట్‌లో ఉంటుంది. బొమ్మలు గీసే కైరో లైబ్రరీలో మనం వాడే మామూలు ప్రాసెసర్ల మీద అత్యల్ప స్థానంలో ఉంటుంది. ఎస్ఎస్‌డీ1306 చిప్‌తో నడిచే ఓలెడ్ తెరలోనైతే ఒక్కో బైట్ నిలువుగా ఎనిమిది చుక్కలను మోస్తుంది.

అందుకే కోడ్‌లో రూపాన్ని ఎలా చెప్పాలన్న ప్రశ్నకు కూడా రెండు జవాబులున్నాయి. ప్రతి గ్లిఫ్‌తోపాటు దాని రూపం పేరును మోస్తూ, గీసే ప్రతి చోటా దాన్ని పరిశీలించడం మొదటిది. లోపలికి రాగానే అన్నిటినీ పిక్సెల్‌కు ఒక బైట్‌గా మార్చి, ఆ పేర్ల గొడవను గుమ్మంలోనే ఆపేయడం రెండోది. మెమరీకి కరువు లేని చోట నేను రెండోదానికే మొగ్గుతాను. పిచ్, బిట్ల క్రమం వంటి తప్పులన్నీ ఒకే ఫంక్షన్‌లో దొరుకుతాయి. రంగుల ఎమోజీలకు మాత్రం వేరే దారి వేయాలి. మార్చేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. ఫ్రీటైప్ సొంత మార్పిడి ఫంక్షన్ ఒక బిట్ గ్లిఫ్‌ను బైట్లుగా మార్చి ఇచ్చినప్పుడు విలువలు 0, 255 కావు. 0, 1 మాత్రమే. వాటిని 255తో గుణించకపోతే అక్షరం అక్కడే ఉంటుంది, కంటికి మాత్రం ఆనదు.