లక్షా ఎనభై వేలు తిరిగిన కారుకు డబ్బు పెట్టాలా, మార్చేయాలా?

“కారు లక్షా ఎనభై వేలు తిరిగింది. మెకానిక్ పెద్ద ఎస్టిమేట్ ఇచ్చాడు. పెట్టమంటారా, అమ్మేయమంటారా?” ఈ మధ్య నన్ను ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. తప్పు నాదే. రెండు నెలల కిందట ఇదే పరిస్థితిలో డబ్బు పెట్టి బండి ఉంచుకున్నాను, ఆ సంగతి కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ తిరిగాను. కాబట్టి నా మొగ్గు ఎటో మీకు ముందే తెలిసిపోయింది. కానీ అంతకుముందు ఇంకో బండికి ఇలాగే డబ్బు పెట్టి చేతులు కాల్చుకున్నదీ నేనే.

ఇప్పటి బండి పెట్రోలు, మాన్యువల్ గేరు. ఓడోమీటర్ మీద 1,87,000 కిలోమీటర్లు. ఎస్టిమేట్‌లో ఉన్నవి టైమింగ్ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు, పూర్తి క్లచ్ సెట్టు, ముందు చక్రాలను కింద పట్టి ఉంచే లోయర్ ఆర్ములు, షాకబ్జార్బర్లు. అన్నీ కలిపితే బండి అమ్మితే వచ్చే డబ్బులో సగం దాటింది. “విలువలో సగం దాటితే రిపేరు చేయించకూడదు” అని చాలామంది చెప్పే లెక్క ప్రకారం ఆ రోజే అమ్మేయాలి.

ఆ లెక్క నాకు మొదటినుంచీ నచ్చదు. బండి పాతబడేకొద్దీ దాని ధర పడిపోతుంది గానీ క్లచ్ సెట్టు ధర పడిపోదు కదా. అలా చూస్తే చివరికి నాలుగు టైర్లు మార్చినా సగం దాటే రోజు వస్తుంది. అమ్మేవాడికి రీసేల్ విలువ ముఖ్యం. ఉంచుకునేవాడు వేసుకోవాల్సిన లెక్క వేరు. ఈ డబ్బుతో బండి ఇంకెన్నాళ్లు తిరుగుతుంది? అన్నాళ్లూ వేరే బండిలో తిరగాలంటే ఎంతవుతుంది? నా ఎస్టిమేట్‌ను 24 నెలలకు పంచి చూస్తే, నెలకు పడేది కొత్త బండి వాయిదాలో నాలుగో వంతు కూడా లేదు.

అయితే బండి ఆ 24 నెలలూ నిజంగా తిరగాలి. చిక్కంతా అక్కడే. అందుకే నేను బిల్లు కింద ఉన్న మొత్తం కంటే ముందు, పైన రాసిన ఐటమ్స్ చూస్తాను. అవి అరుగుదల సామానా, లేక జబ్బుకు చేస్తున్న వైద్యమా? నా మటుకు నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

టైమింగ్ బెల్టు, అంటే కింది క్రాంక్ తిరిగే లెక్కకు పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే బెల్టు, అరిగేదే. చాలా ఇంజిన్లలో లక్ష నుంచి లక్షా అరవై వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఇన్నేళ్లకు, ఏది ముందొస్తే అప్పుడు మార్చమని మాన్యువల్లోనే ఉంటుంది. మార్చకపోతే ఒకరోజు తెగుతుంది. తెగితే క్యామ్‌షాఫ్ట్ ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం వేగం తగ్గేదాకా తిరుగుతూనే ఉంటుంది. చాలా ఇంజిన్లలో పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకుని ఆగిన వాల్వులను గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు విప్పాలి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. మా బండిలోంచి తీసిన పాత బెల్టును మెకానిక్ నా చేతిలో పెట్టాడు. పైకి బాగానే ఉంది. పళ్లు కనబడేలా వెనక్కి వంచితే ప్రతి పంటి మొదట్లోనూ వెంట్రుకంత పగులు కనబడింది. వాటర్ పంపు కింద కూలెంట్ కారి ఎండిపోయిన తెల్లటి చార. అది ఎన్నాళ్ల నుంచి కారుతోందో నాకు తెలియనే తెలియదు. మా ఇంజిన్లో పంపు తిరిగేది ఆ బెల్టుతోనే. మళ్లీ విప్పితే మళ్లీ అంతే కూలీ కాబట్టి రెండూ కలిపి మార్చడమే లాభం.

క్లచ్ కూడా అంతే. పై గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఆర్పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు, అంటే ప్లేట్ అయిపోయినట్టే. గేర్‌బాక్స్ దించడానికే సగం కూలీ పోతుంది. దించారు కదా అని రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, చినిగిన డ్రైవ్‌షాఫ్ట్ బూటు ఉంటే అదీ అప్పుడే వేయించేయాలి. ఇలాంటి బిల్లు పెద్దదే కావచ్చు. కానీ కట్టాక ఆ పని అయిపోతుంది, మళ్లీ చాలా ఏళ్లదాకా దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఇక జబ్బు సంగతి. నా పాత డీజిల్ బండి చలిలో స్టార్ట్ అవడానికి మొరాయించేది. మొదట ఇంజెక్టర్లు బాగు చేశారు. నెల బాగుంది. తర్వాత డీజిల్‌ను ఇంజెక్టర్లకు ఒత్తిడితో పంపే హై ప్రెజర్ పంపు. తర్వాత ఈజీఆర్, అంటే పొగలో కొంత తిరిగి ఇంజిన్లోకి పంపే వాల్వు. ప్రతిసారీ “ఇది ఒక్కటీ మారిస్తే అయిపోతుంది సార్” అన్నారు. ఇంత పెట్టాం కదా, ఇప్పుడు వదిలేస్తే ఎలా అని నేనూ పెడుతూ పోయాను. చివరికి వేరే షెడ్డులో కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి వస్తుందో కొలవడం) చేస్తే ఒక సిలిండర్ మిగతా మూడింటిలో సగం కూడా చూపించలేదు. గంట పని అది. మొదటి రోజే చేయించి ఉంటే ఒక్క రూపాయి పెట్టకుండా అమ్మేసేవాణ్ణి.

అందుకే ఈసారి ఎస్టిమేట్‌కు ఒప్పుకునే ముందే ఆ టెస్ట్ చేయించాను. అంకెలు ఎంత అన్నదానికంటే సిలిండర్లన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది చూడాలి. పెట్రోలు ఇంజిన్లో ఒకటి తక్కువ చూపిస్తే, ప్లగ్ రంధ్రంలో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. రీడింగ్ పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే చాలావరకు వాల్వులది. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే ఇంజిన్ బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. మా మెకానిక్ ఇంకో పని కూడా చేశాడు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్నే తలకిందులుగా ఆ రంధ్రం మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూత కొంచెం వణికిందే తప్ప ఎగరలేదు. ఎగిరెగిరి పడి, లోపలినుంచి పొగ తన్నుకొస్తే ఇంజిన్ బోరు, అంటే పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ, అరిగిపోయిందని అనుమానం. ఆ మూత ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదనుకోండి, కానీ ఆ అర నిమిషం నాకు పరీక్ష ఫలితాలు చూస్తున్నంత టెన్షన్.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది తుప్పు. డోర్ కింద అంచున, ఫెండర్ మీద కనబడేది కాదు. బండిని లిఫ్ట్ మీదకు ఎత్తించి, డోర్ల కింద పొడుగునా ఉండే బాక్సులు, సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్‌ను, సస్పెన్షన్‌ను మోసే ఫ్రేము) బిగించిన చోట్లు, షాకబ్జార్బర్ ఉండే స్ట్రట్ పైభాగం, జాకీ పెట్టే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. అక్కడ రేకు మెత్తగా దిగితే ఇంజిన్ ఎంత బాగున్నా నేను పైసా పెట్టను. ఇంజిన్ మార్చుకోవచ్చు. బాడీ మార్చడమంటే బండినే మార్చడం.

మార్చేయడం మేలనేవాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. రోజూ దూరం వెళ్లే ఉద్యోగమైతే, దారిలో ఆగితే సాయానికి ఎవరూ రాని రోడ్డయితే, మనశ్శాంతికీ ఒక విలువ ఉంటుంది. పాత బండిలో లేని ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ కావాలనుకున్నా సరే, అది డబ్బు లెక్కకు అందే విషయం కాదు. కొత్తది కొంటే మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువ విలువ పోతుందని తెలిసే కొనండి.

సెకండ్‌హ్యాండ్ సంగతి మాత్రం నాకు దూరపు కొండలే గుర్తొస్తాయి. తొంభై వేలు తిరిగిన బండి కొంటున్నామంటే, దానికీ బెల్టు, క్లచ్, సస్పెన్షన్ దగ్గరపడుతున్నాయి. బహుశా ఆ యజమాని కూడా ఇలాంటి ఎస్టిమేట్ చూసే అమ్ముతున్నాడేమో. నా బండిలో ఏ ఆయిల్ ఎప్పుడు మార్చానో నాకు తెలుసు, ఆ బండిలో తెలియదు. తెలిసిన 1,87,000 నాకు తెలియని 90,000 కంటే నయం.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల జారుతుంటే, పైగా బండి పాతదైతే, అమ్మేయండి. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వేయించడం బండి మీద మరీ ప్రేమ ఉన్నవాళ్లకే. ఏమీ చేయించకుండా ఆగేదాకా నడుపుదామంటే క్లచ్ విషయంలో పర్వాలేదు. బెల్టు, బ్రేకులు, చక్రాన్ని ఆర్ముకు కలిపే బాల్ జాయింట్ల విషయంలో వద్దే వద్దు.

మా బండి ఇప్పుడు 1,91,000 దగ్గరుంది. క్లచ్ కొత్త బండిలా తేలిగ్గా ఉంది, గుంతల్లో ముందు వైపు నుంచి వచ్చే చప్పుడు పోయింది. మొన్నటినుంచి ఏసీ వేసినప్పుడు కంప్రెసర్ కొంచెం గరగరమంటోంది. అది పూర్తిగా పోయిన రోజు కిటికీలు దించుకుంటాను.